సిన్మాల కనపడని కొమురం భీము

చందానగర్ల మా గల్లీ నిండ కిరాయి రూములే. ఊర్లకెల్లి వచ్చిన పోరగాండ్లు ఒక్కో రూంల నలుగురైదుగురు ఉంటరు. కొందరు హైటెక్ సిటీల సెక్యూరిటీ డ్యూటీ చేస్తరు, కొందరు బండి మీద పార్సిళ్లు ఏస్తరు. వాళ్ల ఫోన్లల్ల కొమురం భీము బొమ్మ చానాసార్లు సూసిన. గని ఆ బొమ్మ జూనియర్ ఎన్టీఆర్‌ది.

2022ల వచ్చిన ఆర్ఆర్ఆర్‌ల భీము ఢిల్లీకి పోయి తెల్లదొర కోట మీద పడతడు. అది కల్పిత కథ అని తీసినోళ్లే చెప్పిండ్రు, అండ్ల దాసిందేం లేదు. అల్లాణి శ్రీధర్ తీసిన కొమురం భీమ్ సిన్మా 1990లనే తయారైనా, థియేటర్ మొఖం సూడనీకె 2010 దాక ఆగాల్సి వచ్చింది. అందుకే తమ్ములూ, అసలు మనిషి గురించి జర ఇనుండ్రి. ఇంటె మీ బతుకే యాదికొస్తది.

భీము 1901 ప్రాంతంల ఆసిఫాబాద్ దిక్కు సంకేపల్లిల గోండుల ఇంట్ల పుట్టిండు. అప్పుడు అడవి నిజాం సర్కారు చేతుల ఉండె. పసుల మేపితె పన్ను, పొయ్యిలకు కట్టె తెచ్చుకుంటె పన్ను. తాతలు కొట్టుకున్న పోడును సర్కారు తన అడవని రాసుకున్నది. గోండోడు తన చేన్లనే దొంగయిండు. తండ్రి పోయినంక భీము ఇంటోళ్లు సుర్ధాపూర్ పోయి చెలక కొట్టుకున్నరు. పంట చేతికొచ్చే యాల్లకు సిద్దీక్ అనే జాగీర్దారు ఆ భూమి నాదని వచ్చిండు. ఆ లొల్లిల సిద్దీక్ సచ్చిండు. భీము ఊరిడిసి ఉరికిండు.

ఆర్ఆర్ఆర్ సూపియ్యని ముచ్చట ఈడికెల్లి మొదలైతది. చాందాల విఠోబా అనేటాయన ప్రెస్సుల పనికి కుదిరిండు. సదువు, రాత ఆడ్నే నేర్సుకున్నడు. విఠోబాను పోలీసులు పట్టుకపోయినంక అస్సాం పోయి చాయ్ తోటలల్ల నాలుగేండ్లకు పైనే కూలి చేసిండు. కూలోళ్ల తరఫున నిలబడి జైలుకు పోయిండు, తప్పిచ్చుకొని వాపస్ వచ్చిండు. కాకన్‌ఘాట్‌ల లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరి, ఆయన భూమి కేసు దగ్గరుండి నడిపిండు. కాయితం సదివే గోండు పిలగాడు ఒకడున్నడని సుట్టుముట్టు ఊర్లకు తెలిసింది గప్పుడే.

అటెన్క జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ తోని కలిపి 12 ఊర్లు ఆయన ఎంట నడిచినయ్. నిజాం దాక అర్జీ పెట్టుకున్నడు, జవాబు రాలె. కొంత భూమికి పట్టాలిస్తమని సర్కారు ఆశ సూపెట్టింది. అది సాలదు, మా ఊర్ల మీద పెత్తనం మాకే కావాలె అన్నడు. 1940ల జోడేఘాట్ గుట్టల మీద పోలీసులు ఆయనను, ఎంటున్నోళ్లను కాల్చి సంపిండ్రు. ఇయ్యాల్టికీ ఆశ్వయుజ పున్నానికి జనం ఆడ కూడుతరు.

మనిషి పోయినంక సర్కారుకు బుగులు పట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోనీకె హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పెట్టింది. ఆయన పని వల్ల చానామందికి పట్టాలొచ్చినయ్, మార్లవాయిల గోండు పంతుళ్లకు ట్రైనింగ్ మొదలైంది. భీము బతికుంగ ఇయ్యనిది, సచ్చినంక ఇచ్చిండ్రు.

2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2016ల జిల్లాకు భీము పేరు పెట్టిండ్రు. 2023 జూన్‌ల ఆసిఫాబాద్‌లనే పోడు పట్టాల పంపిణీ షురూ చేసిండ్రు. అయినా పట్టా అందక తిరిగేటోళ్లు ఇంక ఉన్నరు.

సిన్మాల భీము బలం కండలల్ల ఉంటది. అసలు భీము బలం వలస పోయి నేర్సుకొచ్చిన అక్షరంల ఉన్నది. మీరు సుత వలస వచ్చినోళ్లే, మీ చేతుల సుత సదువున్నది. పండుగకు ఇంటికి పోతె నాయిన పెట్టె తెరిచి భూమి కాయితాలు ముంగటేసుకోండ్రి. పట్టా ఎవరి పేరు మీదున్నది? సాగుల ఉన్నదెంత, కాయితంల ఉన్నదెంత? పోడైతే గ్రామసభ తీర్మానం అయిందా, లేదా? ఫోన్ల ఉన్న బొమ్మ అట్లనే ఉండనియ్యిండ్రి. గని ముందుగాల ఆ కాయితం సదువుండ్రి.