దుర్గాబాయమ్మ పని పద్ధతి

ప్రణాళిక అనే మాట మన సమావేశాలల్ల ఎన్నిసార్లో వింటం. ఫారం నింపి సంతకం పెడితే ప్రణాళిక అయిపోయిందనుకునేటోళ్లం కూడ మనలో ఉన్నం. అందుకే ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం రాసుకుంటున్నం.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిన్రు, ఆ బంధం నిలువలేదు. చిన్నప్పుడే హిందీ నేర్చుకొని తోటి ఆడవాళ్లకు నేర్పింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో ప్రదర్శన గేటు కాడ ఆమెను వాలంటీరుగా నిలబెట్టిన్రు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని చెప్పిన్రు. నెహ్రూ గారు టికెట్ లేకుండ వస్తే ఆయన్ను కూడ ఆపింది. టికెట్ తెచ్చినంకనే లోపలికి వదిలింది. ఆమె ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటరు. ధైర్యం సరే, ఆమెకు అప్పజెప్పిన పని కూడ స్పష్టంగ ఉండె. జర చూసుకో బిడ్డా అని మాత్రమే చెప్పి పోతే ఆ 14 ఏండ్ల పిల్ల ఏం చేసేది? మన సంఘాలల్ల చాలాసార్లు పని అట్లనే అప్పజెప్తున్నం, కానప్పుడు చేసినామెను అంటున్నం.

1930లో ఉప్పు సత్యాగ్రహంల చేరి జైలుకు పోయింది. అక్కడి ఆడఖైదీలల్ల చాలామందికి చదువు రాదు. తమ మీద పెట్టిన కేసేందో తెలువదు, తమ తరఫున చెప్పుకునే దారి తెలువదు. అది చూసి ఆమె లాయరు కావాలనుకున్నది. అప్పటికి ఆమె చేతిలో మెట్రిక్ కూడ లేదు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసింది. తర్వాత బీఏ కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు పోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నరు. ఆమె వట్టి అర్జీ పెట్టి కూసోలేదు. చదువుకోవాలనుకునే ఆడపిల్లలు ముందుకు రావాలని పేపర్ల ప్రకటన వేయించింది. వచ్చినోళ్లను కూడగట్టి, తామే హాస్టల్ నడుపుకుంటమని చూపించింది. అప్పుడు సీట్లు దొరికినయి. 1942లో మద్రాసులో లా పూర్తయింది. జైలుల అనుకున్న పనికి పదేండ్లు పట్టింది.

ఈ నడుమనే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. తాను రాసిన బెనారస్ మెట్రిక్‌కే తెలుగు ఆడపిల్లలను తయారుచేసింది. తాను నడిచిన తొవ్వ కాబట్టి ఎక్కడ కష్టమైతదో ఆమెకు ఎరుకే.

తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలైంది, ప్రణాళికా సంఘంల కూసున్నది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది. సేవ చేసే సంఘాలు ఊర్లల్ల అప్పటికే ఉండె, పైసలే లేకుండె. వాటిని పక్కకు నెట్టకుండ బోర్డు వాటికే గ్రాంట్లు ఇచ్చింది. చదువు మధ్యల ఆగిన ఆడవాళ్లు తక్కువ కాలంల పరీక్ష రాసే కోర్సులు 1958లో మొదలైనయి. మద్రాసులో కొంతమంది పిల్లలతో చేసిన పనే దేశమంతటికి పోయింది. 1981 మే 9న ఆమె కన్నుమూసింది.

మన దగ్గర వేలిముద్ర వేసే సభ్యులు ఇంకా ఉన్నరు. వాళ్ల కోసం రాత్రిబడి కావాలని పోయిన ఏడు తీర్మానం రాసినం, అది పుస్తకంలనే ఉన్నది. ఈసారి నేర్చుకునేటోళ్లెవరు, నేర్పేదెవరు, ఎవరింట్ల కూసుంటరు, ఏ పొద్దు వీలైతది అని ఊరూరికి పేర్లతో రాసుకుంటున్నం. పత్తి ఏరుడు అయిపోయేలోపు ఆ లిస్టు పూర్తి చేయాలె.