రెక్స్ మెక్‌కాండ్లెస్

నలమహారాజు అశ్వహృదయం ఎరిగినవాడని మన పురాణాలు చెబుతాయి. గుర్రం ఎంత బలమైనదైనా, దాని నడక తీరు తెలియనివాడు రథాన్ని తిన్నగా నడపలేడు. ఇరవయ్యో శతాబ్దంలో మోటారు సైకిలు విషయంలో అటువంటి విద్యను సాధించినవాడు రెక్స్ మెక్‌కాండ్లెస్.

ఆయన 1915లో, నేటి ఉత్తర ఐర్లాండులోని హిల్స్‌బరో సమీపంలో జన్మించాడు. ఇంజనీరింగు పట్టా పొందినవాడు కాడు. యంత్రాలను విప్పడం, బిగించడం, నడిపి చూడడం ద్వారానే విద్య నేర్చాడు. ఆ రోజులలో చాలా మోటారు సైకిళ్ళకు వెనుక చక్రం చట్రానికి కదలకుండా బిగించి ఉండేది. గతుకు తగిలినప్పుడల్లా అది నేలను విడిచి ఎగిరేది. నేలను తాకని చక్రానికి ఇంజను ఎంత శక్తినిచ్చినా వృథాయే. మలుపులో అది ప్రాణాంతకం కూడా.

మెక్‌కాండ్లెస్ తన ట్రయంఫ్ వాహనంపై ఒక విశేషాన్ని గమనించాడు. ముందున్న బరువైన మడ్‌గార్డునూ, దీపాన్నీ తీసివేయగానే వాహనం మరింత చక్కగా మలుపు తిరిగింది. హ్యాండిలుతోపాటు తిరిగే భాగాల బరువు తగ్గడమే అందుకు కారణమని ఆయన గ్రహించాడు. ఆ ఆలోచనతోనే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్వయంగా ఒక వాహనాన్ని నిర్మించాడు. దాని వెనుక చక్రాన్ని పైకీ కిందికీ కదిలే చేతుల మధ్య అమర్చి, ఇరువైపులా స్ప్రింగులనూ, నూనెతో పనిచేసే షాక్ అబ్జార్బర్లనూ బిగించాడు. స్ప్రింగు కుదుపును తనలో ఇముడ్చుకుంటుంది. కాని స్ప్రింగు మాత్రమే ఉంటే వాహనం ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. సన్నని రంధ్రాల గుండా ఒత్తిడితో ప్రవహించే నూనె ఆ ఊపును అణచివేస్తుంది.

ఆయన మిత్రుడు ఆర్టీ బెల్ ఇంగ్లండులోని నార్టన్ సంస్థ పక్షాన పందేలలో పాల్గొనేవాడు. నార్టన్ వాహనాలలో ఒకే సిలిండరు ఉండగా, ఇటలీ వారి గిలేరా నాలుగు సిలిండర్ల శక్తితో ముందుకు దూసుకు వస్తున్నది. నార్టన్ పాత చట్రాలు పందెపు బాటల తాకిడికి పగిలిపోతున్నాయి. లోపం చట్రంలోనే ఉన్నదని మెక్‌కాండ్లెస్ ఆ సంస్థ పెద్దల ఎదుట నిర్భయంగా చెప్పాడు. పట్టా లేని పరాయివాని మాట అది. తప్పితే ఆయన పేరుతోపాటు, వాహనం నడిపేవారి ప్రాణాలకూ ముప్పే.

ఆయన రెండు ఉక్కు గొట్టాలను ఇంజను చుట్టూ వలయాలుగా వంచి, రెండింటినీ ముందు భాగంలో స్టీరింగు వద్ద గట్టిగా అతికించాడు. స్టీరింగు ఇరుసు కొంత వాలుగా ఉంటుంది. దానిని ఊహలో నేల వరకు పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా పడుతుంది. ఆ కొద్ది దూరమే చక్రాన్ని తిన్నగా నిలుపుతుంది. అది మరీ ఎక్కువైతే మలుపు తిప్పడం కష్టమవుతుంది. మరీ తక్కువైతే వాహనం నిలకడ కోల్పోతుంది. చట్రం వంగితే ఈ లెక్క చెదిరిపోతుంది. అందుకే ఆయన చట్రపు దృఢత్వానికి అంత ప్రాధాన్యమిచ్చాడు.

కొత్త వాహనాన్ని నడిపిన హెరాల్డ్ డానియెల్ అనే పందెగాడు అది ఈకల పరుపువలె ఉన్నదని మెచ్చుకున్నాడు. మన కవుల మాటలో చెప్పాలంటే హంసతూలికా తల్పమే! నాటి నుండి ఆ చట్రానికి ఫెదర్‌బెడ్ అన్న పేరు స్థిరపడింది. 1950లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగిన టీటీ పందేలలో జూనియర్, సీనియర్ విభాగాలు రెండింటిలోనూ మొదటి మూడు స్థానాలు నార్టన్‌కే దక్కాయి. 1951లో జెఫ్ డ్యూక్ నార్టన్ వాహనాలపై 350, 500 సీసీ విభాగాలలో ప్రపంచ విజేత అయ్యాడు.

తరువాతి కాలంలో మెక్‌కాండ్లెస్ నాలుగు చక్రాలకూ శక్తినందించే కార్లపైనా, చిన్న గైరోప్లేన్లపైనా కృషి చేసి, 1992లో కన్నుమూశాడు. 2020లో నార్టన్ సంస్థను మన దేశానికి చెందిన టీవీఎస్ కొనుగోలు చేసింది. కదిలే చేతులు, స్ప్రింగులు, నూనె గొట్టాలు గల వెనుక చక్రం నేడు మన వీధులలో సర్వసామాన్యం. శక్తి ఉంటే చాలదనీ, దానిని నేలపై నిలిపే నేర్పు కూడా కావాలనీ ఆయన జీవితం మనకు తెలుపుతున్నది.