సోలాపూర్ డాక్టరు, మా మేనత్త బొటనవేలు

మా మేనత్త పుట్టింది సిరిసిల్లల, పెండ్లయి పోయింది సోలాపూర్‌కు. మగ్గం పని వెతుక్కుంటూ సిరిసిల్ల నుంచి సోలాపూర్‌కో భివండికో పోయిన పద్మశాలి కుటుంబాలు మా వాడకట్టుల ప్రతి గల్లీకీ ఉంటయి. అక్కడ మా మామయ్య పవర్‌లూమ్ మీద టవల్స్ నేస్తడు, అత్త ఇంట్ల కూసొని బీడీలు చేస్తది.

పోయినేడు సెకండ్ మిడ్స్ సోమవారం అనంగా, శనివారం కోరుట్లల అమ్మ తరఫు వాళ్ల పెండ్లి. జగిత్యాల హాస్టల్ నుంచి బస్సెక్కి పోయిన. అప్పటికి నెల రోజులుగా రాత్రి పండుకుంటే చాలు, గుండె దడదడ కొట్టుకునేది. అరచేతులు చెమట పట్టేవి. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నయని ఇంట్ల చెప్పలేదు, ఈ దడ సంగతీ చెప్పలేదు. పెండ్లి భోజనాల దగ్గర విస్తరి ముందర కూసున్నప్పుడు అదే మళ్లీ వచ్చింది. ఎవరూ చూడలేదనుకున్న. అత్త చూసింది.

ఏమీ అడగలేదు. పక్కకు తీస్కపోయి కూసోబెట్టి, నా మణికట్టు గీత మీద మూడు వేళ్లు ఆనించి కొలిచి, చేయి ముడిస్తే పైకి తేలే రెండు నరాల మధ్య బొటనవేలితో నొక్కి పట్టింది. మెల్లగ ఊపిరి తీసుకోమంది. ఆకు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేలది, బోల్టు లెక్క దిగింది. ఓ ఐదు నిమిషాలకు నెమ్మదించింది. ఇదెక్కడ నేర్చుకున్నవని అడిగితే, వాళ్ల ఊరి కోట్నీస్ డాక్టరు చైనా నుంచి తెచ్చిన విద్య అని గర్వంగ చెప్పింది.

ఆ పేరు నేను వినడం అదే మొదలు. హాస్టల్‌కు వచ్చినంక, చదవాల్సిన సబ్జెక్టు పక్కన పెట్టి మరీ ఆయన గురించి చదివిన. అత్త చెప్పింది తప్పని తేలింది. కానీ ఆ తప్పు వెనక ఉన్న మనిషి నన్ను ఇప్పటికీ వదలట్లేదు.

ద్వారకానాథ్ కోట్నీస్ 1910 అక్టోబర్ 10న సోలాపూర్‌లో ఒక మరాఠీ కుటుంబంలో పుట్టారు. బొంబాయి సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివారు. 1937లో జపాన్ చైనా మీద పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. గాయపడ్డ సైనికులకు డాక్టర్లు లేరు, సాయం చేయండని చైనా సేనాని జూ డె నెహ్రూకు ఉత్తరం రాశారు. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ పిలుపు మీద చందాలు పోగయ్యాయి. అటల్, చోల్కర్, ముఖర్జీ, బసు, కోట్నీస్ అనే ఐదుగురు డాక్టర్లు 1938 సెప్టెంబర్‌లో బొంబాయిలో ఓడ ఎక్కారు. మనోడికి అప్పుడు ఇరవై ఏడేండ్లు. మన సీనియర్లు పీజీ చేయాలా, జాబ్ చూసుకోవాలా అని కొట్టుకునే వయసు.

చుంకింగ్‌లో ఉండగా తండ్రి చనిపోయారని కబురొచ్చింది. ఆయన తిరిగి రాలేదు. ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేసిన. కోరుట్ల, జగిత్యాల దిక్కు గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లల్ల ఈ కథ కొత్తది కాదు. తండ్రి పోయిన కబురు దుబాయిల విని, మళ్లీ డ్యూటీకి పోయినోళ్లు మా బంధువులలోనే ఉన్నరు. కాకపోతే వాళ్లకు సెలవు దొరకదు. ఈయన రావాలనుకుంటే రావచ్చు, రాలేదు. అది గొప్పతనమో మొండితనమో నేనింకా తేల్చుకోలేదు.

1939 ఫిబ్రవరిలో యెనాన్ చేరారు. తర్వాత ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. చివరికి మిగిలింది ఇద్దరు, బసు, కోట్నీస్. బసు యెనాన్‌లో ఉన్నారు. కోట్నీస్ యుద్ధం జరుగుతున్న ఉత్తర చైనా కొండల్లోకి వెళ్లారు. 1940లో పోరు తీవ్రమైనప్పుడు ఒక దశలో 72 గంటలు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేశారు. మనం ఎగ్జామ్ ముందు ఒక్క నైటవుట్ కొట్టి స్టేటస్ పెట్టుకుంటం. 1941 జనవరిలో బెత్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి డైరెక్టర్ అయ్యారు. 1939లో ఆపరేషన్ చేస్తుంటే వేలు తెగి, అది విషమించి చనిపోయిన కెనడా డాక్టర్ నార్మన్ బెత్యూన్ పేరు మీది ఆసుపత్రి అది. చైనా భాష నేర్చుకొని ఆ భాషలోనే పాఠాలు చెప్పారు. కె దిహువా అని చైనా పేరు పెట్టుకున్నారు. గువో చింగ్‌లాన్ అనే నర్సును పెండ్లి చేసుకున్నారు. 1942 ఆగస్టులో కొడుకు పుడితే యిన్‌హువా అని పేరు పెట్టారు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా.

ఆయనకు మూర్ఛ జబ్బు ఉంది. ఫిట్స్ వచ్చి పడిపోయేవారు. తేరుకొని మళ్లీ పనిలోకి వెళ్లేవారు. విశ్రాంతి తీసుకోమని తోటివాళ్లు చెప్పినా వినలేదు. ఫెనిటోయిన్ అనే మందు మూర్ఛకు పనిచేస్తుందని అమెరికాలో తేలింది 1938లో, అంటే ఆయన ఓడ ఎక్కిన ఏడాదే. కానీ నాలుగు దిక్కులా దిగ్బంధం ఉన్న ఆ కొండల్లో మామూలు మందులకే కరువు. 1942 డిసెంబర్ 9న వరుసగా ఫిట్స్ వచ్చి చనిపోయారు. వయసు 32. కొడుక్కి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆ పిల్లవాడు పెరిగి తండ్రి లెక్కనే డాక్టరీ చదువుతూ 1967లో చనిపోయాడు. గువో చింగ్‌లాన్ 2012 దాకా బతికారు.

మరి సూదుల సంగతేంటి? కోట్నీస్ కత్తి పట్టిన సర్జన్. ఆక్యుపంక్చర్‌ను ఆయన మన దేశానికి తేలేదు, తేవడానికి ఆయనే తిరిగి రాలేదు కదా. యెనాన్ శాంతి ఆసుపత్రిలో సూదుల విభాగం తెరిచిందే 1945లో, ఆయన పోయినంక. దాన్ని ఇక్కడికి తెచ్చింది ఆయన మిత్రుడు బిజయ్ కుమార్ బసు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి నేర్చుకొని, కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో ఈ వైద్యానికి ప్రత్యేక చట్టమే చేసింది. బసు వంటివాళ్లు ఈ పనిని చనిపోయిన మిత్రుడి పేరుతో ముడిపెట్టారు. లూధియానాలో కోట్నీస్ పేరుతో ఆక్యుపంక్చర్ ఆసుపత్రే ఉంది. 1946లో శాంతారాం తీసిన సినిమాతో పేరు ఎట్లాగూ ఇంటింటికీ పోయింది. అట్ల అట్ల మా అత్త దాకా వచ్చేసరికి విద్య మొత్తం ఆయనదే అయింది.

ఆమె నొక్కిన చోటుకు చైనా వైద్యంలో నైగ్వాన్ అని పేరు, లోపలి ద్వారం అని అర్థం. సూది గుచ్చితే ఆక్యుపంక్చర్, వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్, చోటు అదే. ఆ వైద్యంలో సంతోషం గుండెకు, కోపం కాలేయానికి, దిగులు ప్లీహానికి, దుఃఖం ఊపిరితిత్తులకు, భయం మూత్రపిండాలకు చెందుతాయి. ఏదో ఒకటి మితిమీరితే ఒళ్లంతా తూకం తప్పుతుందని లెక్క. లాజిక్ వెతికితే మనకు దొరకదు గానీ, మనసు బాధ ఒంట్లో కూసుంటదని ఒప్పుకోవడం మాత్రం నాకు నచ్చింది. మనం నరాలు అనుకునే ఆ రెండూ నిజానికి కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, అసలు నరం వాటి కింద ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులు, వికారం ఆ చోటు నొక్కితే తగ్గుతాయని చాలా పరీక్షల్లో తేలింది. దడకు, ఆందోళనకు అంత గట్టి రుజువు లేదు. నా వరకు ఆ రోజు పనిచేసింది వేలా, ఊపిరా, ఎవరో ఒకరు చూశారన్న సంగతా? విడదీసి చెప్పలేను.

మిడ్స్ ముందర రాత్రి మళ్లీ వచ్చింది. నొక్కుకున్న, కొంచెం తగ్గింది, గంటకు మళ్లీ వచ్చింది. పడిపోయి లేచి మళ్లీ ఆపరేషన్ టేబుల్ దగ్గరికి నడిచిన ఆ మనిషి గుర్తొచ్చాడు. ఆయనకు మందు లేదు, నాకు ఆటోల పది నిమిషాల దూరంలో ఆసుపత్రి ఉంది. రెండో రోజు పరీక్ష రాసినంక రూమ్మేట్‌ను తోడు తీసుకొని పోయిన. ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నరు, పానిక్ అటాక్ అన్నరు, కౌన్సెలింగ్‌కు పంపిన్రు. బ్యాక్‌లాగ్స్ సంగతి నాయినకు ఫోన్‌ల చెప్పిన. తిట్లు పడ్డయి, అనుకున్నంత కాదు.

అత్తకు కూడా ఫోన్ చేసిన. ఇది కోట్నీస్ తెచ్చింది కాదు, ఆయన దోస్తు బసు తెచ్చిండు అని చెప్పిన. బసుది సోలాపూరేనా అని అడిగింది. కాదు, బెంగాల్ అన్న. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, రాత్రి నిద్ర పడుతుందా అని అడిగింది.