ఊపిరికి కవచం

తడ పులికాట్ సరస్సు ఒడ్డున, ఆంధ్రదేశపు దక్షిణపు అంచున ఉన్న ఊరు. అక్కడి యువకుడెవరైనా దుమ్ము నుండి, పొగ నుండి ఊపిరితిత్తులను కాపాడే ముసుగు నొకదానిని కొత్తగా రూపొందించి, దానిపై హక్కు కోరదలచుకొంటే ఆ దరఖాస్తు చెన్నైలోని పేటెంట్ కార్యాలయానికి చేరుతుంది. దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ ఆ కార్యాలయమే ఆధారం. అక్కడి పరీక్షకుడు దరఖాస్తుదారుని కులగోత్రాలను విచారించడు. ఆ వస్తువు నిజంగా కొత్తదేనా, ఆ విద్య తెలిసిన వారెవరికైనా ఇట్టే తట్టగలిగినదా, పరిశ్రమకు పనికివస్తుందా అని మాత్రమే చూస్తాడు. అందుకోసం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా వెలువడిన పాత పత్రాలను తిరగవేస్తాడు. వదిలిన శ్వాసను బయటికి పంపే కవాటం గల ముసుగు విషయంలో ఆ అన్వేషణ నూట డెబ్బై ఏళ్ళకు పైగా వెనుకకు సాగుతుంది. ఆ దారిలో 1914 నాటి అమెరికా పేటెంట్లు రెండు ఎదురవుతాయి. ఆ రెండింటిపైన ఉన్న పేరు గారెట్ మోర్గన్.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, పారిస్ అనే చిన్న పట్టణం చెంత 1877 మార్చి 4న ఆయన జన్మించాడు. తల్లిదండ్రులు బానిసత్వపు చెర నుండి విముక్తులైన నల్లజాతివారు. పదకొండు మంది సంతానంలో ఆయన ఏడవవాడు. ఆ తల్లిదండ్రుల తరానికి, పేటెంటుకు ఉన్న సంబంధాన్ని ఇక్కడ తెలుసుకోవాలి. 1858లో ఆ దేశపు అటార్నీ జనరల్ ఒక అభిప్రాయాన్ని వెలువరించాడు. బానిస కనిపెట్టిన వస్తువుకు పేటెంటు ఇవ్వడం చట్టరీత్యా కుదరదని దాని సారాంశం. బానిస పౌరుడు కాడు కనుక అతనికి హక్కు లేదు; కనిపెట్టినవాడు యజమాని కాడు కనుక అతనికీ లేదు. ఎందరి బుద్ధి, ఎందరి చేతిపని ఆ విధంగా ఊరూపేరూ లేకుండా పోయిందో లెక్కకట్టగల వారెవరూ లేరు. 1865లో బానిసత్వం రద్దయింది. అటుపై పన్నెండేళ్ళకు మోర్గన్ పుట్టాడు.

ప్రాథమిక విద్యతోనే చదువు ఆగిపోయింది. పద్నాలుగేళ్ళ ప్రాయంలో పని వెదుక్కొంటూ సిన్సినాటి నగరానికి వెళ్ళాడు. అక్కడ ఒక భూస్వామి వద్ద చిల్లరపనులు చేస్తూ, వచ్చిన కూలిలో కొంత వెచ్చించి ఒక ఉపాధ్యాయుని కుదుర్చుకొని వ్యాకరణం నేర్చుకొన్నాడు. తనకు లేనిదేమిటో తెలిసి, దానిని కొనుక్కొన్న కుర్రవాడు ఆయన. 1895లో క్లీవ్‌లాండ్ నగరం చేరి దుస్తుల కర్మాగారాలలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆ యంత్రాలే ఆయనకు కళాశాల అయినాయి. 1907లో సొంతంగా కుట్టుమిషన్ల దుకాణం తెరిచాడు. మరుసటి ఏడు మేరీ హాసెక్ అనే కుట్టుపని తెలిసిన యువతిని వివాహమాడాడు. ఆమె బవేరియా నుండి వలస వచ్చిన శ్వేతజాతి స్త్రీ. ఆనాటి సమాజంలో ఆ వివాహం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. దంపతులిద్దరూ కలసి ఆడవారి దుస్తుల దుకాణం నడిపారు. దానిలో ముప్పై మందికి పైగా పనివారు ఉండేవారు.

కుట్టు సూది వేగానికి ఉన్నిబట్ట కమిలిపోకుండా ఉండేందుకు ఒక ద్రవాన్ని తయారు చేయబోయి, అది బట్ట నూగును చక్కగా సాగదీయడం గమనించి, వెంట్రుకలను సాపుచేసే లేపనంగా దానిని ఆయన మలచుకొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. మొదట ఇరుగింటి కుక్కపై ప్రయోగించాడట. కథ సంగతి ఎలా ఉన్నా ఆ లేపనం మాత్రం బాగా అమ్ముడుపోయి, తరువాతి ప్రయత్నాలకు కావలసిన ధనాన్ని సమకూర్చింది.

1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ అనే దుస్తుల కర్మాగారం తగలబడింది. తలుపులకు తాళాలు వేసి ఉండటం వల్ల 146 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది కుట్టుపని చేసే పేద యువతులు. కుట్టుమిషన్ల మధ్యనే బ్రతుకుతున్న మోర్గన్‌కు ఆ వార్త ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు. అగ్నిప్రమాదాలలో మంట కంటె ముందు పొగ ప్రాణం తీస్తుంది. రక్షించబోయినవారు కూడా పొగలో చిక్కుకొని కూలిపోతారు. పొగలోనికి వెళ్ళి తిరిగి రాగల మనిషిని తయారు చేయడం ఎలా అన్న ఆలోచన ఆయనలో బలపడింది. 1912లో ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు.

ఆ సాధనం చూడటానికి వింతగా ఉండేది. తలను, భుజాలను కప్పే ముసుగు. కళ్ళకు ఎదురుగా చూపుకు వీలు. ముసుగు నుండి నేల దాకా వ్రేలాడే పొడవైన గొట్టం. ఈ గొట్టంలోనే ఆయన పరిశీలనాశక్తి అంతా ఉంది. వేడెక్కిన పొగ పైకి లేస్తుంది. గది నేలకు దగ్గరగా కొంతసేపటి వరకు చల్లని, కొంత స్వచ్ఛమైన గాలి మిగిలి ఉంటుంది. పొగ కమ్మిన ఇంటిలో పాకుతూ బయటపడాలని పెద్దలు చెప్పేది ఇందుకే. మోర్గన్ మనిషిని పాకించలేదు. అతని ముక్కునే నేల దాకా పొడిగించాడు. గొట్టం చివర తడిసిన స్పాంజి ఉంటుంది. అది మసిని, నుసిని పట్టి ఉంచి గాలిని చల్లబరుస్తుంది. వదిలిన శ్వాస బయటికి పోవడానికి వేరే మార్గం, దానికి ఒక కవాటం అమర్చాడు.

ఈ కవాటం పని చిన్నదిగా కనిపిస్తుంది కాని చిన్నది కాదు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు ఉంటుంది. వదిలే గాలిలో అది 16 పాళ్ళకు తగ్గిపోతుంది. బొగ్గుపులుసు వాయువు దాదాపు 4 పాళ్ళకు పెరుగుతుంది. మూసిన ముసుగులో అదే గాలి మళ్ళీ మళ్ళీ లోపలికి పోతే తల తిరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది. అద్దంపై ఆవిరి కమ్ముకొని చూపు పోతుంది. పలుచని రెప్పవంటి మూత ఒకటి శ్వాస వదిలినప్పుడు తెరచుకొని, పీల్చినప్పుడు దానంతటదే మూసుకొంటే ఈ బాధ తొలగుతుంది. అయితే వదిలే శ్వాస వడగట్టబడకుండా బయటికి పోవడం ఈ కవాటంలోని లోపం. తొడుగుకొన్నవానికి అది రక్షణే గాని ఎదుటివానికి కాదు. కరోనా వ్యాపించిన 2020లో కవాటం ఉన్న ముసుగులు వద్దని భారత ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు లేఖ వ్రాసింది అందుకే.

కవాటం మోర్గన్ సృష్టి కాదన్నది కూడా నిజం. ఆయన పుట్టిన కెంటకీ రాష్ట్రంలోనే లూయీవిల్ నగరవాసి లూయిస్ హాస్లెట్ 1849 జూన్ 12న ఊపిరితిత్తుల రక్షకమనే పరికరానికి పేటెంటు పొందాడు. దానిలో గాలిని లోనికి తీసుకొనే కవాటం ఒకటి, బయటికి పంపే కవాటం మరొకటి ఉన్నాయి, వడపోతకు ఉన్ని. 1870 దశకపు ఆరంభంలో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ టిండాల్ అగ్నిమాపకుల కోసం దూది, గ్లిజరిన్, బొగ్గుపొడి పొరలతో మరొక ముసుగును తీర్చాడు. పేటెంటు పరీక్షలో తేలవలసిన అంశమే ఇది. ముందున్నవారు ఎక్కడి దాకా వచ్చారు, దరఖాస్తుదారుడు వారిని దాటి వేసిన అడుగు ఏది? మోర్గన్ వేసిన అడుగు గొట్టం, స్పాంజి, ముసుగు, కవాటం అన్నింటినీ ఒకే ప్రయోజనానికి కూర్చిన పద్ధతి. 1914 మార్చి 24న ఒకటి, అక్టోబరు 13న మరొకటి, శ్వాససాధనం అనే పేరుతోనే ఆయనకు రెండు పేటెంట్లు లభించాయి. వాటి సంఖ్యలు 10,90,936, 11,13,675. నాటి చట్టం ప్రకారం మంజూరైన నాటి నుండి 17 ఏళ్ళు వాటికి ఆయువు.

ఆ పేటెంటు పత్రాలలో కనిపెట్టినవాని పేరు, ఊరు ఉంటాయి. చర్మపు రంగు ఉండదు. ఆ కార్యాలయంలోనే పరీక్షకునిగా పనిచేసిన హెన్రీ బేకర్ అనే నల్లజాతీయుడు తన జాతివారి ఆవిష్కరణల జాబితా తయారు చేయదలచినప్పుడు ఆ రికార్డులు అతనికి సరిపోలేదు. పేటెంటు న్యాయవాదులందరికీ ఉత్తరాలు వ్రాసి, మీ కక్షిదారులలో నల్లవారు ఎవరని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. కాగితం మీద మోర్గన్ అందరితో సమానుడు. అంగడిలో పరిస్థితి వేరు.

1914లో ఆయన జాతీయ భద్రతా సాధనాల సంస్థను స్థాపించి ముసుగును అమ్మకానికి పెట్టాడు. దక్షిణ రాష్ట్రాలలో నల్లవాడు చేసిన వస్తువును అగ్నిమాపక శాఖలు కొనవని ఆయనకు తెలుసు. అందుచేత ఒక తెల్లజాతి నటుని కుదుర్చుకొని, ఆవిష్కర్తగా అతనిని వేదికపై నిలబెట్టాడు. తాను అమెరికా ఆదివాసి వేషం ధరించి బిగ్ చీఫ్ మేసన్ అనే మారుపేరుతో సహాయకునిగా వెళ్ళాడు. న్యూ ఆర్లియన్స్‌లో గుడారం వేసి, గంధకం, తారు వంటివి మండించి ఊపిరాడని పొగ పుట్టించారు. ముసుగు తొడుగుకొని లోనికి వెళ్ళిన మారువేషధారి ఇరవై నిమిషాల తరువాత చెక్కుచెదరకుండా బయటికి వచ్చాడు. జనం కరతాళధ్వనులు చేశారు. ప్రాణాన్ని పణంగా పెట్టి పొగలోనికి వెళ్ళినవాడు తానే. ప్రశంసలు అందుకొన్నది పక్కనున్న కిరాయి మనిషి. ఈ నటనను వ్యాపారపు యుక్తి అని మెచ్చుకొనేవారు ఉన్నారు. కాని తన బుద్ధికి తానే సాక్షిగా నిలబడలేకపోవడంలోని వేదన యుక్తి అన్న మాటతో తీరేది కాదు.

రెండేళ్ళకు ఆ ముసుగు గుడారం వదలి నిజమైన మృత్యుముఖంలోనికి వెళ్ళవలసి వచ్చింది. క్లీవ్‌లాండ్ నగరం ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. తడకు తూర్పున కనుచూపు మేర పరచుకొన్న పులికాట్ వంటి సరస్సులు యాభై కలిపితేగాని ఆ సరస్సుకు సాటి రావు. ఒడ్డున నీరు కలుషితం కావడంతో, తీరానికి కొన్ని మైళ్ళ దూరం నుండి మంచినీటిని తెచ్చేందుకు సరస్సు అడుగున సొరంగం త్రవ్వుతున్నారు. 1916 జూలై 24 రాత్రి భూగర్భంలోని సహజవాయువు సొరంగంలో చొరబడి ప్రేలుడు సంభవించింది. లోపల ఉన్నవారి కోసం వెళ్ళిన మొదటి రక్షణబృందం తిరిగి రాలేదు. దాని వెనుక వెళ్ళిన రెండవ బృందమూ అదే గతి పాలయింది. తెల్లవారుజామున ఎవరికో మోర్గన్ ప్రదర్శన గుర్తుకు వచ్చి ఆయనకు కబురు పంపారు. నిద్రలేచిన బట్టలతోనే, సోదరుడు ఫ్రాంక్‌ను వెంటబెట్టుకొని, ముసుగులు తీసుకొని ఆయన బయలుదేరాడని చెబుతారు.

సొరంగపు ముఖద్వారం వద్ద నిలిచినవారిలో ఆ వింత ముసుగును నమ్మి లోనికి దిగేవారు కరువయ్యారు. సోదరులిద్దరే మొదట దిగారు. లోపల చీకటి, బురద, విషవాయువు. తడుముకొంటూ వెళ్ళి చేతికి తగిలిన మనిషిని పైకి చేర్చారు. ఒకరు ప్రాణాలతో బయటపడటం చూశాక మరికొందరు తోడయ్యారు. ఆయన మళ్ళీ మళ్ళీ దిగాడు. ఇద్దరు బ్రతికారు, మరికొందరి శవాలను వెలికితీశారు. రెండవ రక్షణబృందానికి నాయకత్వం వహించిన సొరంగపు పర్యవేక్షకుడు బ్రతికిన వారిలో ఒకడు. మొత్తం మీద ఇరవై మంది దాకా ఆ ప్రమాదంలో మరణించారు.

అటుపై జరిగినది చరిత్రకు వన్నె తెచ్చేది కాదు. సాహసికులకు ఇచ్చే కార్నెగీ వీరనిధి పతకాలు ఆ రక్షణకార్యంలో పాల్గొన్న ఇతరులకు లభించాయి. మోర్గన్ పేరు ఆ జాబితాలో లేదు. నగర మేయరుకు ఆయన లేఖ వ్రాసి తన బాధను వెళ్ళబోసుకొన్నాడు. ఫలితం లేకపోయింది. కొందరు పౌరులు ముందుకు వచ్చి వజ్రాలు పొదిగిన బంగారు పతకాన్ని ఆయనకు బహూకరించి ఆ లోటును కొంత పూడ్చారు. మరొక నష్టం అంతకంటె పెద్దది. ప్రమాదవార్తలతో పాటు ఆయన ఎవరో లోకానికి తెలిసిపోయింది. దక్షిణాదిలోని కొన్ని పట్టణాలు ముసుగుల కోసం పంపిన ఆర్డర్లను రద్దు చేసుకొన్నాయి. ముసుగు మునుపటిదే, దాని పనితనమూ మునుపటిదే.

మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు ధరించిన విషవాయు ముసుగులన్నీ మోర్గన్ నమూనా నుండి పుట్టినవేనని కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది. అది అత్యుక్తి. యూరప్ సైన్యాల ముసుగులు వేరే దారిలో పెరిగాయి. 1915 నాటి జర్మన్ ముసుగుకు శ్వాసను వదిలే కవాటమే లేదు. బ్రిటిష్ సైన్యపు ముసుగుకు ఉంది. ఒడ్డుకు చేర్చిన ప్రాణాలే మోర్గన్ ప్రతిభకు సాక్ష్యంగా చాలు. లేని గొప్పను అంటగట్టనక్కరలేదు.

1923 నవంబరు 20న వాహనాల రాకపోకలను అదుపు చేసే సంకేతస్తంభానికి ఆయనకు మరొక పేటెంటు లభించింది. అన్ని దిక్కుల వాహనాలనూ ఒక్కసారిగా ఆపే మూడవ స్థితి దానిలోని విశేషం. తన జాతివారి కోసం క్లీవ్‌లాండ్‌లో ఒక వార్తాపత్రికను నెలకొల్పాడు. 1931లో నగరపాలక సభకు పోటీచేసి ఓడిపోయాడు. ముసుగు పేటెంట్ల గడువు కూడా ఆ ఏటితోనే ముగిసి, ఆ విజ్ఞానం అందరి సొత్తు అయింది. 1943 నాటికి నీటికాసుల వ్యాధి వల్ల ఆయన చూపు చాలావరకు పోయింది. అయినా ప్రయోగాలు మానలేదు. 1963 జూలై 27న ఎనభై ఆరేళ్ళ వయస్సులో క్లీవ్‌లాండ్‌లోనే కన్నుమూశాడు.

ఈరీ సరస్సు నీటిని శుద్ధిచేసి క్లీవ్‌లాండ్ ప్రజలకు అందించే కేంద్రాలలో ఒకదానికి 1991లో ఆ నగరం గారెట్ మోర్గన్ పేరు పెట్టింది.