వెనుక చక్రానికి ఊయల కట్టిన ఇంజనీరు – ఫిలిప్ విన్సెంట్

మన సభ్యులలో చాలామంది ఉద్యోగ జీవితాన్ని సైకిలు మీదే ప్రారంభించారు. సైకిలు సీటు కింద స్ప్రింగులుంటాయి. వెనుక చక్రం మాత్రం ఫ్రేముకు నేరుగా బిగించి ఉంటుంది. 1920లలో మోటారు సైకిళ్లలోనూ చాలావరకు ఇదే పద్ధతి. సీటు స్ప్రింగులు నడుముకు కొంత ఊరట నిచ్చేవే గాని, గతుకుల్లో చక్రం నేల విడిచి ఎగరడాన్ని ఆపలేవు. చక్రానికి నేల పట్టు లేకపోతే బ్రేకు వేసీ లాభం లేదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పట్టుబట్టినవాడు ఫిలిప్ విన్సెంట్.

ఆయన 1908లో జన్మించారు. తండ్రికి అర్జెంటీనాలో పశువుల క్షేత్రాలుండేవి. చదువు కోసం ఇంగ్లండు వచ్చి హారో పాఠశాలలోనూ, తరువాత కేంబ్రిడ్జిలోనూ చదివారు. విద్యార్థిగా ఉండగానే 1927లో తన మొదటి మోటారు సైకిలును తయారు చేశారు. 1928లో దాని వెనుక స్ప్రింగు అమరికకు పేటెంటు పొందారు.

ఆ అమరిక ఇది. వెనుక చక్రాన్ని పట్టుకునే చట్రం త్రికోణాకారంలో ఉంటుంది. దాని కింది మూల గేరుబాక్సు వెనుక కీలు మీద ఆడుతుంది. పై మూల సీటు కింద ఉన్న స్ప్రింగులను నొక్కుతుంది. త్రికోణం కనుక చట్రం సులభంగా మెలి తిరగదు.

అంతకు ముందే 1913లో అమెరికాలోని ఇండియన్ కంపెనీ వెనుక స్ప్రింగులు పెట్టింది. కాని కీలు ఉన్న బండి వేగంలో ఊగిసలాడుతుందన్న భయం కొనుగోలుదారులను వదలలేదు. కొత్తవాడి పేరు మీద ఎవరూ కొనరని గ్రహించిన విన్సెంట్, 1928లో తండ్రి ధనసహాయంతో, రేసుల్లో పేరున్న హెచ్.ఆర్.డి. సంస్థ పేరును కొన్నారు. అప్పటికి ఆయన వయస్సు 20 ఏళ్లు! స్టీవెనేజ్‌లో కర్మాగారం వెలసింది.

1931లో ఆస్ట్రేలియా ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ ఆయనతో చేరారు. 1934 ఐల్ ఆఫ్ మాన్ పందెంలో బయట కొన్న ఇంజన్లు దెబ్బతీయడంతో, ఇద్దరూ కలిసి సొంత ఇంజను రూపొందించారు. 1936లో 998 సి.సి. ర్యాపిడ్, 1948లో బ్లాక్ షాడో వచ్చాయి. 1948 సెప్టెంబరు 13న అమెరికాలోని బానెవిల్ ఉప్పు మైదానంలో రోలీ ఫ్రీ అనే రైడరు, విన్సెంట్ బండిపై బోర్లా పడుకుని గంటకు 150 మైళ్లు దాటించాడు. వెనుక కీలు ఉన్న బండి వేగానికి పనికిరాదన్న మాటకు ఇంతకన్న సమాధానం ఏం కావాలి?

అయితే కీర్తి వేరు, వ్యాపారం వేరు. 1947లో జరిగిన ప్రమాదంలో విన్సెంట్ తలకు గాయమైంది. ఖరీదైన బండ్లు కావడంతో లాభాలు మిగలలేదు. 1955లో మోటారు సైకిళ్ల ఉత్పత్తి నిలిచిపోయింది.

కాని ఆ ఆలోచన ఆగలేదు. 1973లో యమహా కంపెనీ, బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ రూపొందించిన ఒకే షాక్ అబ్సార్బరు పద్ధతితో మోటోక్రాస్ పోటీల్లో ప్రపంచ విజేతగా నిలిచింది. త్రికోణ చట్రం, సీటు దిగువన స్ప్రింగు – మూలసూత్రం విన్సెంట్‌దే. 1979 మార్చిలో కన్నుమూసే నాటికి, తన సూత్రం మళ్లీ చిగురించడాన్ని ఆయన చూడగలిగారు.

నేడు మన మనుమలు నడిపే బండ్లలో చాలావాటికి సీటు కింద ఒకే షాక్ అబ్సార్బరు ఉంటుంది. దానిని చూసినప్పుడు, 20 ఏళ్ల వయస్సులో లోకం మాటకు వెనుదీయని ఈ ఇంజనీరును ఒకసారి స్మరించుకుందాం.