నది కింద తొలి సొరంగం.. అప్పుల జైలు నుంచి సర్ బిరుదు దాకా.. మార్క్ బ్రూనెల్ జీవితమిదీ!

నది మీద వంతెన కట్టడం అందరికీ తెలిసిందే. మరి పడవలు తిరిగే నది అడుగున సొరంగం తవ్వి, దాంట్లో జనాన్ని నడిపించాలంటే? కరెంటు లేదు, డ్రిల్లింగ్ యంత్రాలు లేవు. ఉన్నవల్లా పార, గునపం, ఇటుక, సిమెంటు. అలాంటి రోజుల్లో లండన్‌లోని థేమ్స్ నది కింద దారి వేసి చూపించిన ఇంజినీర్ సర్ మార్క్ ఇసాంబార్డ్ బ్రూనెల్. ఇవాళ మెట్రోల కోసం, సాగునీటి కాల్వల కోసం భూమిని తొలుస్తున్న భారీ టన్నెల్ బోరింగ్ మెషీన్లకు మూలం ఆయన ఆలోచనే. కానీ ఆ సొరంగం కోసం ఆయన పడ్డ కష్టాలు అన్నీ ఇన్నీ కావు.

పూజారి కావాల్సినోడు.. ఇంజినీర్ అయ్యాడు

బ్రూనెల్ పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు. ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతం, హాక్‌విల్ అనే పల్లెటూళ్లో 1769 ఏప్రిల్ 25న జన్మించారు. తండ్రి బాగా ఉన్న రైతు. కొడుకును చర్చి ఫాదర్‌ను చేయాలన్నది ఆయన పట్టుదల. కుర్రాడికేమో వడ్రంగం పని, బొమ్మలు గీయడం, లెక్కలు అంటేనే ఇష్టం. చివరికి తండ్రి దారికి రాక తప్పలేదు. బ్రూనెల్ ఫ్రెంచ్ నౌకాదళంలో చేరి ఆరేళ్లు పనిచేశారు.

తిరిగొచ్చేసరికి దేశమంతా విప్లవంతో అట్టుడుకుతోంది. రాజు పక్షాన మాట్లాడిన బ్రూనెల్‌కు అక్కడ ఉంటే తల దక్కదని అర్థమైంది. 1793లో ఓడెక్కి అమెరికా వెళ్లిపోయారు. అప్పటికే రువాన్ పట్టణంలో సోఫియా కింగ్‌డమ్ అనే ఇంగ్లిష్ అమ్మాయితో మనసు కలిసింది. ఆమె ఫ్రాన్స్‌లోనే చిక్కుకుపోయి, ఇంగ్లిష్ మనిషి అన్న కారణంతో నెలల తరబడి నిర్బంధంలో గడిపింది.

అమెరికాలో బ్రూనెల్ న్యూయార్క్ నగర చీఫ్ ఇంజినీర్ స్థాయికి ఎదిగారు. అయినా మనసంతా ఇంగ్లండ్‌కు చేరిన సోఫియా మీదే. 1799లో అట్లాంటిక్ దాటి వచ్చి, అదే ఏడాది ఆమెను పెళ్లి చేసుకున్నారు.

పది మందితో నూట పది మంది పని

ఉత్త చేతులతో రాలేదు బ్రూనెల్. బ్రిటిష్ నౌకాదళానికి పనికొచ్చే ఆలోచనతో వచ్చారు. తెరచాప ఓడల్లో తాళ్లు లాగడానికి చెక్క కప్పీలు వాడేవారు. నౌకాదళానికి ఏటా లక్ష కప్పీలు కావాలి. అన్నీ చేత్తో చెక్కాల్సిందే. వాటిని యంత్రాలతో తయారుచేసే పద్ధతిని బ్రూనెల్ గీసిచ్చారు. హెన్రీ మాడ్స్‌లే అనే దిట్టమైన పనివాడు ఆ యంత్రాలను తయారుచేశాడు. పోర్ట్స్‌మత్ రేవులో అవి నడవడం మొదలయ్యాక, 110 మంది నిపుణులు చేసే పనిని కేవలం 10 మంది మామూలు కూలీలు చేసేశారు. ఒకే వస్తువును యంత్రాల వరుసతో పెద్ద ఎత్తున తయారుచేయడంలో ప్రపంచానికి దారి చూపిన తొలి ఫ్యాక్టరీల్లో ఇదొకటి.

అయితే ఇంజినీరింగ్ తెలిసినంతగా డబ్బు లెక్కలు ఆయనకు తెలియవు. సైనికుల కోసం యంత్రాలతో బూట్లు కుట్టించారు. 1815లో వాటర్లూ యుద్ధం ముగియగానే ఆ బూట్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. అంతకు ముందే కలప కోత మిల్లు అగ్నికి ఆహుతైంది. అప్పులు మీదపడ్డాయి. సీన్ కట్ చేస్తే.. 1821లో బ్రూనెల్ అప్పుల జైల్లో ఉన్నారు. తోడుగా భార్య సోఫియా కూడా అక్కడే ఉంది. తనకు రష్యా జార్ చక్రవర్తి దగ్గర పని దొరికేలా ఉందన్న సంగతి ఆయన బయటపెట్టడంతో బ్రిటన్ పెద్దలు కంగారుపడ్డారు. ఇలాంటి బుర్రను వదులుకోకూడదని ప్రభుత్వమే 5,000 పౌండ్లు ఇచ్చి అప్పు తీర్చింది. దేశం విడిచి వెళ్లొద్దన్నది ఒక్కటే షరతు.

పురుగు చెప్పిన పాఠం

ఆ రోజుల్లో లండన్ రేవు ప్రపంచంలోనే రద్దీ రేవుల్లో ఒకటి. అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకు సరుకు చేర్చాలంటే చుట్టూ తిరిగి వంతెన దాటాలి. కింద వంతెన కడితే పెద్ద ఓడలకు అడ్డం. అందుకే నది కింద దారి కావాలన్నారు. 1807లో పేరున్న ఇంజినీర్ రిచర్డ్ ట్రెవితిక్ ఒక చిన్న సొరంగం మొదలుపెట్టి, 1,000 అడుగులకు పైగా తవ్వాక నీళ్లు దూసుకురావడంతో చేతులెత్తేశారు. మెత్తటి మట్టిలో నది కింద సొరంగం అయ్యే పని కాదని నిపుణులు తేల్చేశారు.

బ్రూనెల్‌కు దారి చూపింది మాత్రం ఓ చిన్న జీవి. ఓడ చెక్కలను తొలిచి పాడుచేసే షిప్‌వర్మ్‌ను ఆయన ఓ రేవులో గమనించారని చెబుతారు. పేరుకు పురుగే గానీ, నిజానికి అది ఆల్చిప్పల జాతికి చెందింది. తలకున్న గట్టి పెంకులతో చెక్కను గీకుతుంది. తొలిచిన దారి కూలకుండా వెనకాల సున్నం లాంటి పూత పూసుకుంటూ పోతుంది. ముందు తవ్వు, వెంటనే వెనక కట్టు.. ఇంతే సూత్రం. దాన్నే ఇనుముతో చేయాలనుకున్న బ్రూనెల్, 1818లో టన్నెలింగ్ షీల్డ్‌కు పేటెంట్ తీసుకున్నారు.

అది ఎలా పనిచేసేదంటే.. పక్కపక్కనే 12 పోత ఇనుప ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో మూడు అంతస్తులు. మొత్తం 36 గదులు, గదికో కార్మికుడు. ఎదురుగా మట్టిని ఆపుతూ చెక్క పలకలు. కార్మికుడు ఒక పలక తీసి, నాలుగున్నర అంగుళాల మట్టి తవ్వి, ఆ పలకను ముందుకు జరిపి బిగించాలి. తర్వాతే ఇంకో పలక. అన్నీ అయ్యాక ఫ్రేమును స్క్రూ జాకీలతో ముందుకు నెట్టాలి. వెనకాలే తాపీ మేస్త్రీలు ఇటుకలతో గోడ, కప్పు కట్టుకుంటూ వస్తారు. నది బరువంతా ఎదురుగా ఉన్నా, ఏ క్షణంలోనూ ఎక్కువ మట్టి తెరిచి ఉండదన్నమాట.

ఆరుగురి ప్రాణాలు

1825 మార్చిలో రాథర్‌హైత్ ఒడ్డున పని మొదలైంది. నది అడుగున గట్టి బంకమట్టి పొర ఉందన్న నిపుణుల మాట నిజం కాదని కొద్దిరోజులకే తేలింది. కప్పు నుంచి కారేది మామూలు నీళ్లు కాదు.. లండన్ మురుగంతా కలిసిన థేమ్స్ నీళ్లు. లోపల విషవాయువులు. దీపాల మంటకు గ్యాస్ అంటుకునేది. కార్మికులకు జ్వరాలు, వాంతులు, కళ్లు కనపడకపోవడం. రెసిడెంట్ ఇంజినీర్ జబ్బుపడటంతో ఆ బాధ్యత బ్రూనెల్ కొడుకు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్‌పై పడింది. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు.

ఇంకోవైపు ఖర్చు తగ్గించాలని, పని వేగం పెంచాలని కంపెనీ డైరెక్టర్ల ఒత్తిడి. డబ్బుల కోసం టికెట్ పెట్టి సందర్శకులను సొరంగంలోకి పంపారు. ప్రమాదం జరిగితే ఎలాగని బ్రూనెల్ లోలోపల భయపడుతూనే ఉన్నారు.

భయపడ్డట్టే 1827 మే 18న నది లోపలికి దూసుకొచ్చింది. అదృష్టం కొద్దీ అందరూ బయటపడ్డారు. పడవ మీది నుంచి డైవింగ్ బెల్‌లో దిగి చూసి, బంకమట్టి బస్తాలతో గండి పూడ్చారు. నమ్మకం నిలబెట్టడానికి ఆ నవంబరులో సొరంగంలోనే విందు కూడా ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి 1828 జనవరి 12న మళ్లీ గండి పడింది. ఈసారి ఆరుగురు కార్మికులు చనిపోయారు. కొడుకు ఇసాంబార్డ్ తీవ్ర గాయాలతో చావు తప్పించుకున్నాడు.

కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. సగం తవ్విన సొరంగానికి గోడ కట్టి మూసేశారు. ఒకటి కాదు, రెండు కాదు.. ఏడేళ్లు పని ఆగిపోయింది. అప్పటికి బ్రూనెల్‌కు అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. చాలామంది ఆ పని ఇక కాదనుకున్నారు.

74 ఏళ్ల వయసులో..

బ్రూనెల్ వదల్లేదు. ప్రభుత్వం చుట్టూ తిరిగి రుణం మంజూరు చేయించుకున్నారు. పాత షీల్డ్ తీసేసి, మరింత బరువైన, గట్టిదైన కొత్త షీల్డ్ దించారు. మళ్లీ వరదలు, మంటలు, రోగాలు. అయినా పని ఆగలేదు. 1841 మార్చిలో విక్టోరియా రాణి ఆయనకు సర్ బిరుదునిచ్చారు. అదే ఏడాది చివర్లో సొరంగం అవతలి ఒడ్డు వాపింగ్‌కు చేరింది. మరుసటి ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కోలుకుని, 1843 మార్చి 25న ప్రారంభోత్సవానికి హాజరయ్యారు. అప్పటికి వయసు 74కు నెల తక్కువ. సొరంగం పొడవు సుమారు 1,300 అడుగులు. పని మొదలై అప్పటికి 18 ఏళ్లు.

తొలిరోజే సుమారు 50,000 మంది సొరంగంలో నడిచారు. కానీ గుర్రపు బండ్లు దిగడానికి కావాల్సిన వాలుదారులకు డబ్బు చాలలేదు. దాంతో సరుకు రవాణా కోసం కట్టిన సొరంగం నడకదారిగానే మిగిలిపోయింది. లాభాలు రాలేదు. బ్రూనెల్ 1849 డిసెంబరు 12న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1869లో అందులో రైళ్లు మొదలయ్యాయి. ఇప్పటికీ వాపింగ్, రాథర్‌హైత్ స్టేషన్ల మధ్య లండన్ ఓవర్‌గ్రౌండ్ రైళ్లు వెళ్లేది అందులోంచే.

అదే షీల్డ్.. అదే ముప్పు

బ్రూనెల్ తర్వాత వచ్చిన ఇంజినీర్లు ఆ షీల్డ్‌ను గుండ్రంగా మార్చారు. ఇటుకల బదులు ఇనుము, ఆ తర్వాత కాంక్రీటు సెగ్మెంట్లు వచ్చాయి. 36 మంది చేసే తవ్వకాన్ని తిరిగే కట్టర్ హెడ్ చేస్తోంది. మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో వాడిన టీబీఎం కూడా షీల్డ్ రకానిదే. 2025 ఫిబ్రవరి 22న అక్కడ కప్పు కూలి, నీళ్లు, బురద ముంచెత్తి 8 మంది లోపల చిక్కుకుపోయారు. రెండు వందల ఏళ్లలో యంత్రం ఎంత మారినా, ఎదురుగా ఉన్న మట్టి, పైన ఉన్న నీరు మారలేదు. థేమ్స్ కింద బ్రూనెల్‌ను దెబ్బతీసిందీ అదే.. నేల గురించి ముందు చెప్పింది ఒకటి, తవ్వితే కనిపించింది ఇంకొకటి. అందుకే ఇప్పటికీ టన్నెల్ పనుల్లో ముందుగా బోర్లు వేసి నేల పరీక్షించడం, నీటి ఊటను గమనిస్తూ ఉండటం యంత్రం కన్నా ముఖ్యమని ఇంజినీర్లు చెబుతుంటారు.