శిలాగ్రంథంలో లుప్తపత్రాలు

జాన్ వెస్లీ పావెల్ 1834లో అమెరికాలో జన్మించాడు. 1862లో షైలో యుద్ధంలో గాయపడి కుడిచేతిని కోల్పోయినా ఆయన జ్ఞానతృష్ణ చల్లారలేదు. 1869లో తొమ్మిదిమంది సహచరులతో, నాలుగు పడవలతో కొలరాడో నదీలోయలను శోధించడానికి బయలుదేరాడు. ఒక పడవ బండలకు తగిలి బద్దలయింది. ఆహారం అడుగంటింది. గమ్యం రెండు దినాల దూరంలో ఉండగా ముగ్గురు విడిపోయారు; వారు మరి తిరిగి రాలేదు. అంతటి ఆపదలో మరొకరైతే ప్రాణమే చూసుకొందురు. పావెల్ గ్రాండ్ కేన్యన్ రాతిగోడలను పరిశీలించాడు. అడుగున ఒరిగి, మడతలు పడిన ప్రాచీన శిలలు; వాటిపై సమతలంగా పరచుకొన్న పొరలు. నడుమ వేల అడుగుల మందం గల శిలలు కోతకు గురై అదృశ్యమైనాయని ఆయన గ్రహించాడు. కొన్నిచోట్ల ఆ లోపం నూరు కోట్ల సంవత్సరాలకు పైబడినదని నేటి లెక్క.

పావెల్ 1902లో మరణించాడు. సుమారు 70 కోట్ల ఏళ్ల క్రితం భూమిని కప్పిన హిమానీనదాలే ఆ శిలలను ఒరిపిడితో అరగదీసి సముద్రాల పాలు చేసి ఉండవచ్చునని 2019లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. భూఫలకాల కదలికలే అందుకు కారణమని మరికొందరి వాదం.